పాలిండ్లూ, ఒక కరపత్రమూ

తెలుగులో ‘పాలిండ్లు’ అని ఒక చక్కని మాట ఉంది. పాలు ఉండే ఇండ్లు కనక పాలిండ్లు. సంస్కృతం వాళ్ళు ‘పయోధరం’ అన్నదీ ఆ అర్థంలోనే. ఈ మాటలు పుట్టించినవాళ్ళెవరో గాని, చంటిపిల్లాణ్ణి ఒళ్ళో వేసుకున్న తల్లిని చూసే పుట్టించి ఉంటారని నా నమ్మకం. అయితే మన ప్రబంధాల్లో ఈ మాట ఎక్కడ తగుల్తుందో గమనించారా? పెళ్ళికాని నాయిక వర్ణనలో! పాలు తాగే పిల్లాడు ఆ ఛాయలకే రాడు. వాడు పుట్టే వేళకి కవిగారు ఘంటం కింద పెట్టి, మంగళం పాడి, వెళ్ళిపోతారు.

గృహప్రవేశానికి ముందు ఇంటిని తెగ పొగిడి, కాపురం మొదలయ్యాక మొహం చాటేసే చుట్టాల్లాంటి వాళ్ళన్నమాట మన కవులు.

పోనీ, పోలికలు చూద్దామా అంటే అవీ అంతే. కొండలు, కుంభాలు, బంతులు, పూలచెండ్లు, జక్కవపిట్టలు. కొండ బరువెక్కదు, బరువు తగ్గదు. కుండ ఒకసారి కాలిందంటే పగిలేదాకా అదే ఆకారం. రామప్ప గుడి చూసిన వాళ్ళకి ఆ నల్లరాతి మదనికలు గుర్తుండే ఉంటారు. 1213లో కట్టిన గుడి అది. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ బొమ్మల వయసు ఒక్క పూట కూడా పెరగలేదు. శిల్పి గొప్పవాడే, కాదనను. కాని అతనికి దొరికింది రాయి. రాతికి కాన్పులుండవు, పాలు పడవు, పాలు ఎండవు. ఆ రాతిని కొలబద్దగా పెట్టుకుని రక్తమాంసాలున్న మనిషి అద్దంలో చూసుకుంటే ఏమవుతుంది? తేడా కనిపిస్తుంది. ఆ తేడాని మనిషి తప్పుగా లెక్కేయడం మొదలవుతుంది.

ఈ పాండిత్యమంతా ఇప్పుడెందుకంటారా? చెప్తాను.

మా చింతలపూడిలో నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. పేరు అనవసరం. నన్ను ‘పిన్నిగారూ’ అంటుంది. 32 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పసుపు కుంకాల కింద నూజివీడు వైపు కాస్త మామిడి తోట ఇచ్చారు. (ఒకప్పుడు మేం పశ్చిమగోదావరి, వాళ్ళు కృష్ణా. 2022 ఏప్రిల్ నుంచి అందరం ఏలూరు జిల్లావాళ్ళమే అయ్యాం లెండి.) తోట పూత మీద ఉండగానే వ్యాపారికి కాపు అమ్మేశారు. ఆ డబ్బు ఆమె పేరున బ్యాంకులో ఉంది. ఆ డబ్బు పెట్టి రొమ్ములు పెద్దవిగా, బిగువుగా చేసే ఆపరేషను చేయించుకుందామా అన్నది ఆమె ఆలోచన. ఇద్దరు పిల్లలకీ తనే పాలిచ్చింది. ఇప్పుడు జాకెట్లన్నీ వదులైపోయాయిట. ‘నా ఒళ్ళు నాది కాదన్నట్టుగా ఉంది పిన్నిగారూ’ అంది.

పట్నంలో ఏదో ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన రంగుల కరపత్రం ఒకటి నా చేతిలో పెట్టి, ‘మీరు పుస్తకాలకి సమీక్షలు రాస్తారు కదా, దీన్ని కూడా చదివి బాగుందో లేదో చెప్పండి’ అంది. నవ్వుతూనే అంది గాని, నాకు మాత్రం ఆ మాట బాగా నచ్చింది. మన ఆడవాళ్ళు ఈ రోజుల్లో నవలలకన్నా ఎక్కువ శ్రద్ధగా చదివేవి ఇలాంటి కరపత్రాలే. చదివి, నమ్మి, డబ్బు కట్టి, బల్ల మీద పడుకునేదాకా వెళ్తున్నారు. ఏ నవలకి ఉందండీ అంతటి శక్తి? అంచేత దాన్నీ ఒక రచనగానే తీసుకుని విమర్శిస్తాను.

ముందు భాష సంగతి. ‘పునర్యౌవనం’, ‘మునుపటి మీరు’, ‘మీ కోసం మీరు’ – అన్నీ మెత్తని మాటలే. ఎక్కడా కత్తి లేదు, కుట్టు లేదు, మత్తుమందు లేదు. మా వైపు కాయని కార్బైడు పెట్టి మగ్గబెట్టేవాళ్ళుంటారు, చట్టం ఒప్పుకోకపోయినా. పైకి పసుపుపచ్చగా నిగనిగలాడుతుంది, కోస్తే లోపల పులుపు. ఇది ఆ రకం భాష. (ఆడదాన్ని పండుతో పోల్చడం మాత్రం నేను చెయ్యబోవడం లేదు. చిన్నరసాల దేశంవాళ్ళం కనక ఆ పోలిక నాలిక చివర్నే ఉంటుంది గాని, ఇప్పటికే కవులు చేసింది చాలు.)

తర్వాత బొమ్మలు. ‘ముందు’ అని ఒకటి, ‘తర్వాత’ అని ఒకటి. ‘ముందు’ బొమ్మలో వెలుతురు తక్కువ, భుజాలు వాలిపోయి ఉన్నాయి. ‘తర్వాత’ బొమ్మలో బోలెడంత వెలుతురు, భుజాలు వెనక్కి విరిచి నిలబెట్టారు. ఆపరేషను భుజాలకి చేశారా అని సందేహం వస్తుంది! రెండు బొమ్మల్లోనూ మెడ పైన కోసేశారు. పరువు కాపాడ్డానికే అనుకోండి. అయినా మన పాత కవులు ఆపాదమస్తకం వర్ణించినప్పుడు ముక్కలు ముక్కలుగా వర్ణించినా మొహం అంటూ ఒకటి ఉంచేవారు. నాయిక నవ్వుతోందో, ఏడుస్తోందో తెలిసేది. ఇక్కడ అదీ లేదు. ఆ మనిషి సంతోషించిందో లేదో చెప్పగలిగిన ఒక్క భాగాన్నీ కత్తిరించేసి, సంతోషం మాత్రం గ్యారంటీ అంటున్నారు.

అన్నిటికన్నా పెద్ద లోపం కథ ముగింపులో ఉంది. వారపత్రికల్లో సీరియళ్ళు రాసేవాళ్ళం కనక మాకు తెలుసు. హీరో మూడు ముళ్ళూ వెయ్యగానే ‘అయిపోయింది’ అని రాసేస్తే పాఠకురాళ్ళు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. కాని అసలు కాపురం మర్నాటి నుంచి కదా! ఈ కరపత్రం కూడా అంతే, గాయం మానిన రోజున ‘శుభం’ కార్డు వేసేసింది. అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

ఆ తర్వాతి ప్రకరణాలు నేను చెప్తాను వినండి.

లోపల పెట్టేది సిలికాన్ తిత్తి. అందులో జెల్ ఉంటుంది, లేదా ఉప్పునీరు ఉంటుంది. ఒళ్ళు దాన్ని పరాయి వస్తువుగానే చూస్తుంది, చుట్టూ ఒక పొర అల్లుకుంటుంది. అది సహజం. కొందరిలో ఆ పొర బిగుసుకుపోయి రొమ్ము గట్టిపడి నొప్పి పెడుతుంది. కొందరిలో తిత్తి చిరుగుతుంది, చిరిగినట్టు పైకి తెలియకపోనూవచ్చు. అందుకనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, జెల్ తిత్తులు పెట్టించుకున్నవాళ్ళు 5, 6 ఏళ్ళకి ఒకసారి, ఆ తర్వాత ప్రతి 2, 3 ఏళ్ళకీ స్కానింగు చేయించుకోమంటోంది. 2021 అక్టోబరులో ఆ సంస్థ తిత్తుల సమాచార పత్రాల్లో గట్టి హెచ్చరిక ఉండాలని కంపెనీలకి ఆజ్ఞ వేసింది. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావు, ఎన్నేళ్ళు ఉంటే చిక్కులకి అంత అవకాశం అని ఆ హెచ్చరిక సారాంశం. ఆపరేషనుకి ముందు డాక్టరు పేషంటుతో కూర్చుని ఒక్కొక్క ప్రమాదాన్నీ చదివి సంతకం పెట్టించాలని కూడా చెప్పింది. చూశారా, ఆ దేశంలో కరపత్రానికి రెండో భాగం రాయమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది!

ఊరికే రాలేదా బుద్ధి. 1992లో ఆ సంస్థే సిలికాన్ జెల్ తిత్తుల్ని మామూలు సొగసు ఆపరేషన్లలో వాడకుండా ఆపేసి, 2006లో మళ్ళీ అనుమతించింది. ఫ్రాన్సులో పిప్ అనే కంపెనీ వైద్యానికి వాడకూడని, పరిశ్రమల్లో వాడే సిలికాన్ నింపి అమ్మిందని 2010లో బయటపడింది. లోకమంతటా లక్షలమంది ఆడవాళ్ళు తమ ఒంట్లో ఉన్నది ఏ కంపెనీదో తెలుసుకోవడానికి పరుగులు పెట్టారు. కంపెనీ యజమానికి 2013లో జైలుశిక్ష పడింది. 2019లో గరుకు పైపొర ఉన్న ఒక రకం తిత్తుల్ని, అరుదైన ఒక కాన్సరుతో సంబంధం ఉందని, తయారీదారే ప్రపంచమంతటా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఇవన్నీ చెప్పి భయపెట్టాలని కాదు. చేయించుకుని హాయిగా ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను అనేది ఒకటే, కథ చెప్పేవాడు మొత్తం చెప్పాలి.

ఇంకో తమాషా. ఈ సిలికాన్ తిత్తులు మొట్టమొదట పెట్టించుకున్నది ఎవరనుకున్నారు? ఏ సినిమా తారో అనుకుంటాం. కాదు. ఆరుగురు పిల్లల తల్లి! 1962లో, అమెరికాలోని హ్యూస్టన్‌లో, టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆవిడ. ఒంటి మీద పచ్చబొట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ క్రోనిన్, గెరో అనే డాక్టర్లు ఈ కొత్త ఆపరేషను చేయించుకుంటావా అని అడిగారు. తనకి అసలు కావలసింది చెవులు సరిచేయించుకోవడమని ఆవిడ అంది. సరే, అదీ చేస్తామని ఒప్పించారు. చరిత్రలో ఆవిడ చెవుల మాట ఎవరికీ గుర్తు లేదు. ఆడది ఒకటి అడిగితే ఇంకోటి ఇచ్చి, ఇదే నువ్వడిగింది అని ఒప్పించడం అక్కడితో మొదలయిందంటే ఏమంటారు?

అలాగని రెండో వైపు సాహిత్యం మాత్రం గొప్పగా ఉందా? లేదు. ‘పిల్లల తల్లివి, నీకెందుకే ఈ సోకులు?’ అనే పెద్దల మాట కూడా ఒక కరపత్రమే. కాకపోతే దానికి రంగులుండవు. ‘అమ్మతనం ధన్యం, చనుబాలు అమృతం’ అని సభల్లో దండలు వేస్తారు. ఆ అమృతం ఇచ్చిన ఒంటికి నడుంనొప్పి ఉందా, ఆ మనిషి అద్దం చూడ్డం మానేసిందా అని ఒక్కరూ అడగరు. భాగవతంలో యశోద ఒళ్ళో ఉన్న కృష్ణుడికి పాలివ్వడం మనకు కళ్ళకి కట్టినట్టుంటుంది. యశోదకి ఎలా ఉందో మాత్రం మనం ఆలోచించం.

ఈ పూజ చివరికి ఎక్కడికి తీసుకెళ్తుందో తెలుసుకోవాలంటే బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ‘స్తనదాయిని’ కథ చదవాలి. జశోద అనే పేదావిడ గొప్పింటి పిల్లలకి పాలిచ్చి సంసారం ఈదుతుంది. పాలు ఆగకూడదు కనక కాన్పు మీద కాన్పు. అంతా ఆమెని తల్లి తల్లి అంటూ మొక్కుతారు. ఆఖరికి రొమ్ము కాన్సరుతో చనిపోతుంటే, ఆ పాలు తాగి పెరిగినవాళ్ళు ఒక్కరూ దగ్గర ఉండరు. రాతి బొమ్మ చేసి చూసినా, దేవత చేసి మొక్కినా మనిషి మాయమైపోవడం ఒకటేనని అంత గట్టిగా చెప్పిన కథ నాకు మరోటి తెలీదు.

మరి మన తెలుగులో ఆడవాళ్ళే తమ ఒంటి గురించి రాసుకున్నారా? రాశారు. రాసినప్పుడు ఏమయిందో కూడా చూడండి. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనం’ కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పూర్తిపాఠంతో అచ్చు వేయిస్తే, అశ్లీలమని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. మగకవులు అంతకన్నా ఎక్కువ రాసినవి మాత్రం కళాశాలల్లో పాఠాలయ్యాయి. 1993లో ‘నీలిమేఘాలు’ కవితా సంకలనం వచ్చినప్పుడు, కాన్పు గదిని గురించీ, పైటని గురించీ ఆడవాళ్ళు తిన్నగా రాస్తే ‘ఇదేం కవిత్వం’ అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు కొందరు కాదు. వాళ్ళ వేలు ముక్కు మీద ఉండగానే రచయిత్రులు తమ పని తాము చేసుకుపోయారు, అది వేరే సంగతి.

చెప్పొచ్చేదేమంటే, మాట్లాడనివ్వని చోట కరపత్రం మాట్లాడుతుంది. మా అమ్మాయి తల్లినో, అత్తగారినో అడగలేదు. నన్ను అడగడానికే మూడు వారాలు తటపటాయించింది. అక్కచెల్లెళ్ళు ఇంట్లో మాట్లాడుకోగలిగితే ఒక సంగతి తెలిసి ఉండేది: పాలిచ్చినందువల్లే రొమ్ము జారిపోతుందన్న మాట నిజం కాదు. కొన్నేళ్ళ కిందట అమెరికాలోని కెంటకీలో ప్లాస్టిక్ సర్జన్లే పరీక్షించి చూశారు. వయసు, ఒంటి బరువు, ఎన్నిసార్లు గర్భం వచ్చిందన్నది, పొగతాగే అలవాటు – వీటి ప్రభావం కనిపించింది. పాలివ్వడం వల్ల తేడా కనిపించలేదు. అంటే ఆ అమ్మాయి చంటిపిల్లకి పాలిచ్చిన రాత్రులన్నిటినీ ఇప్పుడు నష్టం ఖాతాలో రాసుకోనక్కర్లేదు. అది చెప్పగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కరపత్రం ఎక్కడా ఆ ముక్క చెప్పలేదు సుమండీ.

ఇక్కడ నాతో వాదించేవాళ్ళు ఉంటారు. ‘డబ్బున్నవాళ్ళు చేయించుకుంటుంటే లేనివాళ్ళకెందుకు వద్దు?’ అంటారు. సరైన ప్రశ్నే. 2018లో చెన్నైలోని స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో తమిళనాడు ప్రభుత్వం రొమ్ములు పెంచే, తగ్గించే ఆపరేషన్లు ఉచితంగా చేసే విభాగం తెరిచింది. సొగసు వైద్యం పేదలకి ఎందుకు అందకూడదని అప్పటి ఆరోగ్యమంత్రి అన్నారు. ప్రాణాల మీదికి వచ్చే జబ్బులకే డబ్బు చాలనప్పుడు ఇదా అని తప్పు పట్టినవాళ్ళూ ఉన్నారు. నాకు రెండు మాటల్లోనూ నిజం కనిపిస్తుంది. బరువు మొయ్యలేక మెడ, వీపు నొప్పితో బాధపడే ఆడకూలీకి అది సోకు కాదు, వైద్యం. కాన్సరుతో రొమ్ము పోగొట్టుకున్నావిడకీ అంతే. మరి జాకెట్టు వదులైన మా అమ్మాయికి? అది ఆమే తేల్చుకోవాలి. ‘సోకు’ అని నేనంటే, నాకూ ఆ పెద్దలకీ తేడా ఏముంది?

అందుకని సమీక్ష చివర, ఆ కరపత్రంలో లేని ప్రశ్నలు కొన్ని రాసి ఇచ్చాను. నాకు తెలిసిన డాక్టరమ్మగారిని సంప్రదించే రాశాను లెండి.

పిల్లలు ఇక చాలనుకున్నారా? మళ్ళీ గర్భం వస్తే ఒళ్ళు మళ్ళీ మారుతుంది. తిత్తులు పెట్టించుకున్నాక పాలు తగ్గే అవకాశమూ ఉంది. చంటిపిల్ల పాలు మానేసి కనీసం ఆరు నెలలయిందా? అప్పటిదాకా రొమ్ము ఏ ఆకారానికి కుదురుకుంటుందో డాక్టరుకి కూడా తెలియదు. నీకు కావలసింది పరిమాణమా, జారినదాన్ని పైకెత్తడమా? ఆ రెండూ వేరు వేరు ఆపరేషన్లు. బాగా జారినచోట తిత్తి ఒక్కటే పెడితే బరువు పెరుగుతుంది గాని పని జరగదు. చేసేవాళ్ళకి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గాని, డీఎన్‌బీ గాని ఉందా? పెట్టే తిత్తి కంపెనీ పేరూ, నంబరూ ఉన్న కార్డు నీ చేతికిస్తారా? రేపు మామోగ్రాం తీయించుకునేటప్పుడు తిత్తులున్నాయని ముందే చెప్పాలని తెలుసా?

ఇక డబ్బు. ఆరోగ్య బీమా సొగసు ఆపరేషనుకి పైసా ఇవ్వదు. మామూలు వైద్యానికి లేని జీఎస్టీ దీనికి ఉంది. స్కానింగులకి ఏలూరో, విజయవాడో బస్సెక్కాలి. కొన్నేళ్ళకి తిత్తి మార్చాల్సినా, తీయించాల్సినా మళ్ళీ ఖర్చు. ఈ ఏడు కాపు డబ్బు సరిపోతుంది, నిజమే. మామిడి ఒక ఏడు విరగకాసి మరో ఏడు మొండికేస్తుందని మనకి తెలియనిదా? అది మొండికేసిన ఏడే లోపలి తిత్తి కూడా మొండికేస్తే?

ఆఖరి ప్రశ్న నాది, డాక్టరమ్మగారిది కాదు. ‘నా కోసం’ అన్నావు. ఆ మాట నువ్వు కరపత్రం చదవకముందు అన్నావా, చదివాకా?

ఆ ప్రశ్నకి ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత వచ్చి, ‘సగం సగం, పిన్నిగారూ’ అంది. అంత నిజాయితీగా చెప్పే పాఠకురాలు దొరకడం విమర్శకురాలి అదృష్టం. చంటిది పాలు మాని మూడు నెలలే అయిందిట. వచ్చే కాపు దాకా ఆగి, అప్పటికీ కావాలనిపిస్తే ఆ ప్రశ్నల కాగితం పట్టుకుని ఇద్దరు సర్జన్ల దగ్గరికి వెళ్తానంది. ఈలోగా కొలతలకి సరిపోయే లోపలి జాకెట్లు కొనుక్కుంది. భుజాలు నిటారుగా పెట్టుకుని నడుస్తోంది, కరపత్రంలో ‘తర్వాత’ బొమ్మలాగ. దానికి ఖర్చేమీ కాలేదు.

చేయించుకుంటే నేను తప్పు పట్టను, మానుకుంటే మెచ్చుకోలు పత్రమూ ఇవ్వను. నేను తీర్పు చెప్పగలిగింది కరపత్రం గురించే. అచ్చు బాగుంది, కాగితం బాగుంది, కథ సగంలో ఆగిపోయింది. మీ ఊళ్ళోనూ ఎవరైనా ఇలాంటిదొకటి చీర మడతల్లో దాచుకుని ఉంటారు. వాళ్ళని ఎగతాళి చెయ్యకండి, పక్కన కూర్చోండి. మిగతా సగం ఇద్దరూ కలిసి చదవండి.